కల చెప్పే వేళ

కళ్ళు తెరిస్తే కల చెప్పాలి. అందుకే ఉమాస్ కళ్ళు తెరవలేదు. మెలకువ వచ్చి చాలాసేపయింది. రెప్పల మీద వెలుతురు పల్చగా పాకుతున్నట్టు తెలుస్తూనే ఉంది, రాతిచూరు కింద చలి వచ్చి మోకాళ్ళలో కాపురం పెట్టింది, పక్కన మనవడు హైసుల్ మడమ తన పక్కటెముకల్లో గుచ్చుకుని ఉంది, అయినా కదల్లేదు. కదిలితే కొడుకు తియాంగ్ చూస్తాడు, చూస్తే "లేచావా నాన్నా" అంటాడు, లేస్తే పొయ్యి దగ్గర కూర్చోవాలి, కూర్చుంటే ముద్ద నోట పెట్టకముందే రాత్రి ఏం కల వచ్చిందో చెప్పాలి. బునున్ తెగ మగవాడు వేటకొచ్చాక తెల్లారి కల చెప్పకుండా తుపాకీ ముట్టడు. నలుగురిలో ఏ ఒక్కడికి పాడుకల వచ్చినా నలుగురూ మూటలు సర్దుకుని కిందికి దిగిపోవాల్సిందే, ఎదురుగా కణితి నిలబడి చూస్తున్నా సరే. ఆ కల మంచిదో చెడ్డదో తేల్చి చెప్పే పెద్ద ఎవరయ్యా అంటే ఈ ఉమాసే. తీర్పు చెప్పేవాడూ తనే, బోనులో నిలబడినవాడూ తనే. ఇంకాసేపు పడుకుంటే పోలేదా, ముసలాడు అలిసిపోయాడులే అనుకుంటారు.

వచ్చింది పాడుకలేనా అసలు? లాంగుయ్ వచ్చింది. పోయిన భార్య కలలోకి రావడం పాపమా? పైన శిఖరం అంచున ఉన్న పాత రాతి ఇంట్లో, తాతల నాటి ఇంట్లో, పొయ్యి రాజేసుకుని కూర్చుంది, బతికుండగా ఒక్కసారైనా ఆ ఇంటి మొహం చూసిన మనిషి కాదు, అయినా ఏ గిన్నె ఎక్కడుందో తెలిసినట్టే తల తిప్పకుండా అందుకుంటోంది. కొర్రన్నం వడ్డించింది. పొగ లేస్తోంది. "ఎంతసేపయ్యా, చల్లారిపోతోంది, రా" అంది, ఎప్పుడూ అన్నట్టే, పొలం నించి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా అన్నట్టే. గడప మీద కాలు పెట్టాడు, అంతే, మెలకువ వచ్చేసింది. ఎవరైనా అన్నం పెట్టినట్టు కల వస్తే మంచిది, ఆ రోజు మాంసం దొరుకుతుంది, పాలు మరిచిన పిల్లాడు కూడా చెబుతాడు. పెట్టింది పోయినవాళ్ళయితే? అదీ ఆ పిల్లాడే చెబుతాడు. పోయినవాళ్ళు లోపలికి రమ్మన్నారంటే ఆ రోజు కొండ మీద ఎవరో ఒకరు జారతారు. కానీ పేరు చెప్పమని ఎవరడిగారు? "ఎవరో అన్నం పెట్టారు" అంటే చాలు. అబద్ధం కాదే. ఒక్క పేరు మింగేస్తే నలుగురూ పైకి వెళ్తారు. ఇంతకాలం ఎన్ని మింగలేదు, చేదు మందులు మింగాడు, బావమరిది బియుంగ్ వేళాకోళాలు మింగాడు, ఈ ఒక్క పేరు గొంతు దిగదా?

ఎందుకంటే మళ్ళీ రాలేడు. అది తనకి తెలుసు, తియాంగ్‌కి తెలుసు, గుండెకి గొట్టం పెట్టి విన్న ఆ పట్నం డాక్టరు పిల్లకి తెలుసు. "కొండలెక్కడం మానెయ్ తాతా" అంది ఆ అమ్మాయి, సొంత మనవరాల్లా చెయ్యి పట్టుకుని. తియాంగ్ నెల్లాళ్ళు ఒప్పుకోలేదు, టమాటా లారీ దిగి ఇంటికి రాగానే అదే గొడవ, కడకి "ఈ ఒక్కసారే నాన్నా" అన్నాడు. తన బరువంతా వాడే మోస్తున్నాడు రెండు రోజులుగా, తన చేతికి కర్ర తప్ప ఏమీ ఇవ్వలేదు, వాగు దాటేటప్పుడు అడక్కుండానే నడుం పట్టుకున్నాడు. ఇలాంటి కొడుకుని కన్నందుకు ఎవరికి దణ్ణం పెట్టాలి, లాంగుయ్‌కే పెట్టాలి. ఇంకొక్క ఎక్కుడు. ఈ రాతిచూరు దగ్గర్నించి ఒక్క పూట నడిస్తే ఆ ఇల్లు. జపాను వాళ్ళ కాలంలో అందర్నీ కిందికి దించేసినప్పుడు తన తాత దాహు ఆ ఇంటి తలుపు మూసి, తలుపుకి అడ్డంగా ఒక కట్టె పెట్టి వచ్చాడట, దొంగలొస్తారని కాదు, ఇంటికి చలేస్తుందని. నేల కింద పూర్వీకులందరూ ఉన్నారు, ఇంట్లోవాళ్ళని ఇంట్లోనే పూడ్చుకునే కాలం అది. దాహు తాతని మాత్రం కింద సర్కారు శ్మశానంలో పెట్టాల్సొచ్చింది. ఆ ఇంటి నేల మీద మనవణ్ణి కూర్చోబెట్టి, ఇదిగో మీవాడు, వీడికి నేర్పాను, నాకు నేర్పింది మొత్తం నేర్పాను, అని చెప్పి దణ్ణం పెట్టుకోవాలి. ఆ ఒక్క మాట చెప్పుకోవడానికే ఇంత దూరం ఈడ్చుకొచ్చాడు ఈ కాళ్ళని.

నేర్పింది మొత్తం. ఏం నేర్పాడు దాహు తాత? నేర్పినట్టే ఉండేది కాదు. తనకి మొదటి జ్ఞాపకమే ఆ విల్లు, బొమ్మంత విల్లు, వెదురుది, ముందు కర్రకి కట్టిన జింక చెవి, వెనక నించి తన రెండు పిడికిళ్ళ మీద తాత పిడికిళ్ళు, పొగాకు వాసన, చెవి పక్కనే గరగరమంటూ ఊపిరి. చెవులకి బాణం వేసే పండగ. నడక రాని పిల్లల్ని కూడా చంకనేసుకుని తెస్తారు తండ్రులు. చెవి ఎంత దగ్గరంటే బాణం మొన దాదాపు దానికి ఆనుకునే ఉంటుంది, తప్పుదామన్నా తప్పదు. పెద్దయ్యాక ఒకసారి అడిగాడు, అంత దగ్గర నించి కొట్టేదీ ఒక కొట్టడమేనా తాతా, అని. "ఒరే వెర్రోడా, కొండ ఎలాగూ తప్పిస్తుంది, జీవితమంతా తప్పిస్తూనే ఉంటుంది. మొదటిసారైనా మనం తప్పనివ్వకూడదు పిల్లాణ్ణి" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా గుండె నిండిపోతుంది, ఇప్పుడూ నిండింది, కళ్ళు మూసుకున్నా తడి ఆగదే, రెప్పల సందున బయటికొచ్చి చెవిలోకి జారుతోంది, తుడుచుకుంటే మెలకువగా ఉన్నానని తెలిసిపోతుంది, జారనీ. తియాంగ్ పిడికిళ్ళ మీద తన పిడికిళ్ళు పెట్టాడు, హైసుల్ పిడికిళ్ళ మీద తియాంగ్ పెడుతుంటే పక్కన నిలబడి చూశాడు. ఎంతమందికి దక్కుతుంది ఈ చూపు?

తాతకి కోపం రావడం చూసింది ఒక్కసారే, అదీ ఆయన సొంత ముక్కు మీదే. గుమ్మం దాటుతుండగా తుమ్మాడు. వేటకి బయల్దేరుతుంటే తుమ్మితే ఆగిపోవాలి, ఎవరు తుమ్మినా సరే. కాసేపు కూర్చుని లేచి మళ్ళీ బయల్దేరాడు, మళ్ళీ తుమ్మాడు. పైన లేళ్ళు దిగాయని కబురొచ్చిన రోజు, మగవాళ్ళంతా మూటలు కట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు, అందరూ నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. మూడోసారి ముక్కు గట్టిగా పట్టుకుని గడప దాటాడు, వాకిట్లోకొచ్చాక పట్టు తప్పి, అబ్బో, కోళ్ళు ఎగిరిపోయేలా తుమ్మాడు. మూట కింద పడేసి "ఇంటికి పొండ్రా, నా ముక్కే నాకు శత్రువు" అని తిట్టుకుంటూ లోపలికి పోయాడు. ముక్కు నొక్కుకుని ఎవరికీ వినబడకుండా తుమ్మేసి ఉండొచ్చు, తనైతే ఆ పనే చేసేవాడేమో, కానీ తాత చెయ్యలేదు. అదీ నేర్పడమే అని అప్పుడు తెలీలేదు. ఇవాళెందుకు గుర్తొస్తోంది ఈ తుమ్ము, వద్దన్నా వస్తోంది.

మడమ ఇంకోసారి గుచ్చింది. వీడు నిద్రలో కూడా కొండెక్కుతూనే ఉన్నాడు. తెల్లారగట్ల ఒకసారి మూలిగాడు కూడా, ఏదో అన్నాడు, తాతా అన్నాడా? తన కలలో తను మునిగి ఉండి సరిగా వినలేదు. ఎలుకపిల్లంత ఉండేవాడు పుట్టినప్పుడు, ఇప్పుడు వీడి బూట్లు తన బూట్ల పక్కన పెడితే పెద్ద తేడా లేదు. కోడలు సావి వద్దంది, బడి పోతుందంది, ఆ తరవాత రాత్రంతా కూర్చుని మోకాళ్ళ దగ్గర చిరిగిన పంట్లాంతో సహా అన్నీ కుట్టి వాడి సంచీ సర్దింది, అల్లం ముక్కలు ఎండబెట్టి మామగారికని విడిగా మూటగట్టింది. "వాడికేమన్నా అయితే మీరు ఇంటికి రావద్దు" అంది నవ్వకుండా. మంచి పిల్ల. వచ్చిన రెండు రోజుల్లో వీడు నేర్చుకోవడం చూస్తే కడుపు నిండిపోయింది, వేటకెళ్తున్నాం అని నోటితో అనకూడదు అంటే ఊళ్ళో ఎవరడిగినా "మా తాతకి గాలి మార్పు కోసం" అని చెప్పాడు పెద్దమనిషిలా, ఉచ్చు పన్నిన చోట గడ్డి తొక్కకుండా తొక్కిన గడ్డిని వేళ్ళతో లేపి నిలబెట్టాడు, దారిలో ఎదురైన ఇద్దరికీ మొదటి రోజు దొరికిన ఎగిరే ఉడతలో వాటా తనే కోసి ఇచ్చాడు, ఇచ్చాక మిగిలిన తోక వంక చూసి ఒక్క నిట్టూర్పు విడిచాడు, అంతే. మొదటి పొద్దున కల అడిగితే ఏమీ రాలేదన్నాడు. "కలలు కూడా రాని బుర్ర, బడిలో ఏం పెడుతున్నార్రా?" అని బియుంగ్ ఏడిపించాడు. అప్పుడడిగాడు వీడు, "తాతా, పాడుకల వస్తే మంచి కలని చెబితే ఏమవుతుంది?" అని. తనేమన్నాడు? గొప్పగా, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ అన్నాడు. "చెప్పినోడికి ఏం కాదురా. పక్కనోడి కాలు విరుగుతుంది."

పక్కనోడు. ఇవాళ ఏటవాలులో తన పక్కన నడిచేది ఎవరు? ఛీ, ఏం ఆలోచనలివి, లాంగుయ్ పిల్లాడికి అపకారం తలపెడుతుందా, వాణ్ణి చూడకుండానే పోయింది, వాడి కోసం చంటిపిల్లల టోపీ అల్లుతూ అల్లుతూ పోయింది. చూడాలని పిలిచిందేమో. పిలిచింది తననే కదా, వాణ్ణి కాదు కదా. తనకేమైనా అయితే అవనీ, ఆ ఇంటి గడప మీద అయితే అంతకన్నా ఏం కావాలి, ఈ బతుక్కి బాకీ ఏమీ లేదు, తిన్నాడు, నవ్వాడు, మంచి మనుషుల మధ్య తిరిగాడు. కానీ తను జారితే పట్టుకోవడానికి ఎవడు చెయ్యి చాస్తాడు? ఈ మడమ గుచ్చుకుంటున్నంత దగ్గర్లోనే నడుస్తాడు వాడు. అబ్బ, ఈ బుర్రని కాసేపు తీసి పక్కన పెట్టుకునే వీలుంటే ఎంత బాగుణ్ణు.

కట్టెలు చిటపటమన్నాయి. తియాంగ్ లేచినట్టున్నాడు. అల్లం వాసన, ఆ వెనకే బియుంగ్ దగ్గు, దగ్గు వెనకే నోరు.

"మా బావ చచ్చినట్టు పడుకున్నాడేంట్రా? ముక్కు దగ్గర వేలు పెట్టి చూడు."

"పడుకోనీ మామయ్యా. నిన్న బాగా నడిచాడు."

"నడిచాడా? నువ్వు నడిపించావు. లే బావా, నీ రెప్పలు కదుల్తున్నాయి. నలభై ఏళ్ళుగా చూస్తున్నా, దొంగనిద్ర నీకు చేత కాదు."

ఇంకేం చేస్తాడు, లేచి కూర్చున్నాడు. లోయ నిండా మబ్బు, దేవదారుల కొసలు మాత్రం పైకి తేలి ఉన్నాయి, ఆ పైన శిఖరం ఎంత తేటగా ఉందంటే చెయ్యి చాస్తే అందుతుందనిపించింది, ఇల్లున్న మలుపు కూడా కనిపిస్తోంది. ఇంత మంచి ఉదయం ఎవరికిచ్చారు? గుండె ఒక్కసారి అటు లాగింది, తాడేసి లాగినట్టు. ఎవరో అన్నం పెట్టారు. అంతే. ఎవరో అన్నం పెట్టారు. మనసులో రెండుసార్లు అనుకుని చూశాడు, మాట నున్నగా ఉంది. హైసుల్ కూడా లేచాడు, జుట్టంతా ఒక పక్కకి లేచి ఉంది, పొయ్యికి అటువైపు వెళ్ళి తండ్రిని ఆనుకుని కూర్చున్నాడు, రోజూ తాత పక్కనే కూర్చునేవాడు.

బియుంగ్ మొదలెట్టాడు. పంది వచ్చిందట కలలో, పంది తనే వచ్చి ఇతని ఒళ్ళో కూర్చుందట, ఎంత లాగినా దిగలేదట. "ఇంతకన్నా మంచి కల ఏ మహారాజుకి వస్తుంది?" అన్నాడు. తియాంగ్‌కి లారీ కలలోకొచ్చింది, నిండా సరుకు, టైర్లు అణిగిపోయేంత బరువు. బరువు మంచిదే. పెద్దవాడు చివర చెబుతాడు, అందుకని ఇద్దరూ పిల్లాడి వైపు తిరిగారు. పిల్లాడు తాత వైపు చూశాడు. ఆ చూపు ఉమాస్‌కి అర్థమైపోయింది, అద్దంలో చూసుకున్నట్టు అర్థమైంది, వాడూ మింగడానికి చూస్తున్నాడు. వీడికీ వచ్చింది. వీడికీ వచ్చింది, నాకోసం దాస్తున్నాడు. మింగెయ్‌రా నాయనా, అంది లోపల ఒక గొంతు, తన గొంతే, మింగెయ్, ఇద్దరం మింగేసి వెళ్ళిపోదాం. వద్దురా, అంది ఇంకో గొంతు, అదీ తనదే. నోరు మాత్రం మెదపలేదు. ఒకరి కలని ఇంకొకరు లాగకూడదు, తోసెయ్యకూడదు.

"చెబితే తాతకి కోపమొస్తుందా?" అన్నాడు హైసుల్, తండ్రినడుగుతున్నట్టు.

"కలకి ఎవరికీ కోపం రాదురా. చెప్పు" అన్నాడు తియాంగ్.

"తాత ముందు వెళ్ళిపోతున్నాడు. నేను పిలుస్తున్నాను, వెనక్కి చూడట్లేదు. రాతి ఇల్లుంది. తాత లోపలికెళ్ళాక తలుపు మూసుకుపోయింది. ఎంత కొట్టినా తియ్యట్లేదు." వాడు తండ్రి చొక్కా అంచు పట్టుకున్నాడు. "లోపల ఎవరో అవ్వ ఉంది. చల్లారిపోతోంది రా, అంటోంది. నన్ను కాదు. తాతని."

పొయ్యి మీద నీళ్ళు పొంగుతుంటే తియాంగ్ దించలేదు.

"చెప్పకూడదనుకున్నాను" అని వాడు భోరుమన్నాడు. "తాత ఇల్లు చూడాలి కదా. మళ్ళీ రాలేడు కదా, అమ్మ చెప్పింది. కానీ నేను చెప్పకపోతే, తాత జారిపడితే? అప్పుడు నేను ఏం చెయ్యను?"

ఉమాస్ ఒళ్ళు ఝల్లుమంది, భయంతో కాదు, భయం పోతున్నందుకు. తాడు తెగింది. పొద్దుట్నించి ఛాతీలో దూరి కూర్చున్నదేదో ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయింది, ఆ జాగాలోకి ఏదో వెచ్చటిది వచ్చి నిండుతోంది, దానికి పేరు వెతుక్కోనక్కర్లేదు, సంతోషం, ఒట్టి సంతోషం. చెప్పాడు. చెప్పేశాడు నా తండ్రి. ఇంతమంది పెద్దవాళ్ళ ముందు, తనకి ఇష్టమైన ముసలాడి చిట్టచివరి కోరిక కళ్ళెదుటే నిలబడి ఉన్నా, చెప్పేశాడు. ఈ కొండని ఎవరికి వదిలి పోవాలా అని బెంగపడ్డాడే, ఇంకేం బెంగ?

"నాకూ పాడుకలేరా" అన్నాడు. గొంతు గట్టిగానే వచ్చింది. "అదే ఇల్లు. ఆ అవ్వ మీ నానమ్మ. అన్నం పెట్టి అదే మాట అంది. నేను దాచేద్దామనుకున్నాను. మీ ముగ్గుర్నీ పైకి తీసుకెళ్ళిపోదామనుకున్నాను. నువ్వు దాచలేదు."

లాంగుయ్ బియుంగ్‌కి సొంత అక్క, పెంచింది ఆమే. మబ్బు వంక చూస్తూ కాసేపు కళ్ళు నులుముకున్నాడు. ఆ తరవాత లేచి, "మా అక్క వడ్డిస్తే తినకుండా లేచొచ్చావా బావా? బతికుంటే చీపురు తిరగేసేది" అని, కాలితో బూడిద తోసి పొయ్యి ఆర్పడం మొదలెట్టాడు. "పోనీలే. నా పంది నా ఒళ్ళో ఉంది, వచ్చే ఏటికి ఇంకా బలుస్తుంది."

తియాంగ్ అప్పటికే తుపాకీని గుడ్డలో చుట్టేస్తున్నాడు. ఎవరూ ఎవర్నీ అడగలేదు, వెళ్దామా అని కూడా అనలేదు. ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురికీ కలిపి ఒక అడివంత వయసు, పదేళ్ళ పిల్లాడి మాట మీద వెనక్కి తిరుగుతున్నారు.

"నావల్లే" అన్నాడు హైసుల్, ముక్కు తుడుచుకుంటూ.

"నీవల్లే" అన్నాడు ఉమాస్. "నీవల్లే ఇవాళ మీ నాన్న నన్ను భుజానేసుకుని కాకుండా చేత్తో పట్టుకుని దింపుతాడు. నీవల్లే మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తుంది." శిఖరం వైపు తిరిగాడు. ఇల్లున్న మలుపు ఇంకా కనిపిస్తూనే ఉంది. దణ్ణం పెట్టాడు. అక్కడికెళ్ళి చెప్పాలనుకున్న మాట ఒకటుంది కదా, అది ఇక్కణ్ణించి చెప్పినా వినబడుతుంది, వాళ్ళకి చెవులున్నాయి. మీవాడు నేర్చుకున్నాడు తాతా, అన్నాడు పైకే.

మూటలు కట్టడం అయ్యాక బియుంగ్ సారా సీసా తీశాడు. "చేతులు ఖాళీ అయితే మాత్రం వలయం కట్టకుండా దిగుతామా?" వేట ముగించుకున్న మగవాళ్ళు గుండ్రంగా గొంతుక్కూర్చుని చేతి నించి చేతికి గిన్నె మార్చుకుంటారు. గిన్నె పట్టుకున్నవాడు తను చేసిన ఘనకార్యం ముక్క ముక్కగా అరిచి చెబుతాడు, ప్రతి ముక్కనీ మిగతావాళ్ళు ఉన్నదున్నట్టు అంతే గట్టిగా అరవాలి, చివర తల్లి వంశం పేరు చెప్పి ముగించాలి. మాంసం లేకుండా వలయం కట్టడం ఉమాస్ ఎన్నడూ ఎరగడు. పిల్లలు వంత పాడడమే తప్ప గిన్నె పట్టరు. బియుంగ్ గిన్నెలో నీళ్ళు పోసి హైసుల్ చేతికిచ్చాడు.

వాడు తండ్రి వైపు చూశాడు, తియాంగ్ తలూపాడు.

"నేను హైసుల్‌ని!" అన్నాడు, సన్నగా. "నేను హైసుల్‌ని!" అన్నారు ముగ్గురూ, లోయ అదిరేలా. వాడి వీపు నిటారుగా అయింది. "కొండకొచ్చాను!" "కొండకొచ్చాను!" "కల కన్నాను!" "కల కన్నాను!" "చెప్పేశాను!" ఆ మాట తిరిగి అనేటప్పుడు తియాంగ్ గొంతు రెండు ముక్కలైంది. "మా అమ్మ ఇస్లితువాన్ వంశం!" అని వాడు గటగటా నీళ్ళు తాగేసి, మూతి తుడుచుకుని, గిన్నె తాతకిచ్చాడు.

ఉమాస్ గిన్నె పట్టుకున్నాడు. కణితుల పేర్లు, పందుల పేర్లు, కొండమేకల వెంట దిగిన లోయల పేర్లు ఎన్నో ఉన్నాయి చెప్పుకోవడానికి, ఒక్కటీ నోటికి రాలేదు.

"నేను ఉమాస్‌ని!" ముగ్గురూ అన్నారు. "కల దాచబోయాను!" అన్నారు. "బుద్ధి లేదు నాకు!" ఈ ముక్క బియుంగ్ మిగతా ఇద్దరి కన్నా గట్టిగా, తీరిగ్గా అన్నాడు. ఆ తరవాతి ముక్క రావడానికి ఆలస్యమైంది. ముగ్గురూ గొంతుక్కూర్చుని అతని మొహం వంకే చూస్తూ ఆగారు.

"నాకు ఈ మనవడున్నాడు!"

"నాకు ఈ మనవడున్నాడు!" అని తియాంగ్ అరిచాడు, బియుంగ్ అరిచాడు. ఉన్నదున్నట్టు అనాలి కాబట్టి, హైసుల్ కూడా కళ్ళు గట్టిగా మూసుకుని, నోరంతా తెరిచి, "నాకు ఈ మనవడున్నాడు!" అని ఆ ఇద్దరి కన్నా గట్టిగా అరిచాడు.